పూడ్చకూడని రంధ్రం

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకి పళ్ళ డాక్టరు తన ఇంటి హాల్లో నేల మీద బోర్లా పడుకుని గోడ పొడవు కొలుస్తున్నాడు. టేపు ఒక చివర సోఫా కాలి కింద ఇరికించి, రెండో చివర పళ్ళతో పట్టుకున్నాడు. ఇదే పని పేషెంటు ఎవరైనా చేస్తే అరగంట క్లాసు పీకేవాడు. భార్య స్నానం ముగించి వచ్చేలోపు కొలతలు రాసుకుని, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చోవాలన్నది ఆయన పథకం.

ఆ పథకానికి కారణం తోడల్లుడు.

తోడల్లుడు ఇళ్ళు కట్టించే ఇంజనీరు. కింద క్లినిక్కు, పైన కాపురం ఉండేలా డాక్టరుకి ఈ ఇల్లు గీసి కట్టించిందీ ఆయనే. మనిషి మంచివాడు. డాక్టరుకి ఆయన మీద ఉన్న కోపమల్లా ఒక్కటే, ఏ పనైనా తనకంటే ఆర్నెల్లు ముందు చేస్తాడు. ఆయన మేడ మీద గది వేయించాడని డాక్టరూ వేయించాడు. ఇప్పుడందులో పాత కుర్చీలున్నాయి. ఆయన టెన్నిస్ మొదలుపెట్టాడని డాక్టరూ రాకెట్టు కొన్నాడు. మొదటి వారంలోనే భుజం పట్టేసింది, రాకెట్టు పాత కుర్చీల మీదికి చేరింది. ఆర్నెల్ల కిందట ఆయన తన హాల్లో ఐదడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టించాడు. మామూలు చేపల తొట్టి కాదు. లోపల పగడాలు, నీలం దీపాలు, పూలో జంతువులో తేల్చి చెప్పలేని ఏవో మెత్తగా ఊగుతుంటాయి, వాటి సందుల్లో రంగురంగుల చేపలు. అత్తగారు దాని ముందు గంటసేపు కూర్చుని, "మా పెద్దల్లుడు సముద్రాన్నే ఇంటికి తెచ్చాడు" అని పదిమందికి ఫోను చేసి చెప్పింది. పదకొండో ఫోను చిన్నల్లుడి ఇంటికి వచ్చింది.

పళ్ళు నూరుకోవద్దని పేషెంట్లకి చెప్పే డాక్టరు ఆ రోజు నుంచి తన పళ్ళు తనే నూరుకుంటున్నాడు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ సముద్రంలో ఆయనకి ఒకే ఒక్క లోపం దొరికింది. చప్పుడు. తొట్టి కింది అరలో పెట్టిన పంపులు, నీళ్ళు చల్లబరిచే యంత్రం, మురికిని నురుగుగా లాగేసే గొట్టం, అన్నీ కలిసి గురక పెడుతున్నాయి. టీవీలో వార్తలు చదివే మనిషి పెదాలు కదులుతున్నాయి తప్ప మాట వినపడటం లేదు. ఆ గురక వింటుంటే డాక్టరు ప్రాణం కాస్త కుదుటపడింది. ఇంటికి వచ్చేలోపు నిర్ణయం కూడా అయిపోయింది. తనది ఎనిమిదడుగులు ఉండాలి. యంత్రాలన్నీ కింద, క్లినిక్కు వెనక, డ్రిల్లుకి గాలి పంపే కంప్రెసరు గదిలో ఉండాలి. హాల్లో నీళ్ళు, చేపలు, నిశ్శబ్దం. తోడల్లుడు వచ్చి సోఫాలో కూర్చోవాలి, చెవి రిక్కించాలి, ఏమీ వినపడక మొహం మాడ్చుకోవాలి.

"ఎన్నడుగులండీ?"

తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని భార్య గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరు నోట్లోంచి టేపు తియ్యకుండానే "ఎనిమిది" అన్నాడు.

ఆమె తువ్వాలు జారిపోయింది. "ఎనిమిదే! నేను నాలుగైనా చాలనుకున్నానండీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ అడుగుతున్నా, మీరసలు వినిపించుకోవట్లేదనుకున్నా."

భార్య స్కూల్లో లైబ్రరీ టీచరు. ఆమె సొంత పుస్తకాలు తొమ్మిది అట్టపెట్టెల్లో మంచాల కింద, బీరువా మీద, వాషింగ్ మెషీన్ వెనక పడి ఉన్నాయి. గోడకి ఒక పుస్తకాల బీరువా కావాలన్నది ఆమె పాత కోరిక. ఆమె ఏమనుకుందో డాక్టరుకి అర్థమైంది. కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. తెరవగానే టేపు సోఫా కాలి కింద నుంచి ఊడి, ఎగిరి వచ్చి పై పెదవి మీద ఫెడీమని కొట్టింది. ఆయన పెదవి రుద్దుకుని తేరుకునేలోపు ఆమె పాటందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత చెబుదాంలే అనుకున్నాడు. ఆలోచించగా ఆలోచించగా, ఇదీ ఒకందుకు మంచిదే అనిపించింది. అక్కాచెల్లెళ్ళు రోజూ ఫోన్లో చెవులు కొరుక్కుంటారు. అక్వేరియం సంగతి భార్యకి తెలిస్తే సాయంత్రానికి తోడల్లుడికి తెలుస్తుంది. ఆయన వెంటనే పదడుగులది పెట్టిస్తాడు.

మంగళవారం, భార్య స్కూల్లో ఉన్న వేళ చూసి, అక్వేరియాలు కట్టే ఆవిడ్ని పిలిపించాడు. ఒకప్పుడు కాలేజీలో సముద్రజీవుల పాఠాలు చెప్పిన మనిషి. డాక్టరు తన ఫోన్లో ఆవిడ్ని "ఉప్పు మేడమ్" అని రాసుకున్నాడు. ఆవిడ కంప్రెసరు గది, హాలు, మధ్యలో మెట్లు అన్నీ తిరిగి చూసి, పేషెంట్ల కుర్చీలో కూర్చుంది.

"ముందొక మాట అడుగుతా. ఓపిక ఉందా మీకు?"

"రూట్ కెనాల్ చేసేవాడినండీ. నాకు ఓపిక లేదా?"

"అయితే వినండి. మొదటి రెండు నెలలు ఒట్టి ఉప్పునీళ్ళు, రాళ్ళు. అంతే. నీళ్ళు కుదురుకున్నాక ఒకటో రెండో చేపలు. పగడాలు ఆ తర్వాత."

"రెండు నెలలు ఒట్టి నీళ్ళు చూపిస్తే మా తోడల్లుడు నవ్వుతాడండీ."

"పగడాలకి మీ తోడల్లుడు ఎవరో తెలీదండీ" అని ఆవిడ కాగితం మీద రెండు పెట్టెలు గీసింది. పైన పెద్ద తొట్టి, కింద చిన్న తొట్టి. పైది నిండి పొంగిన నీళ్ళు ఒక గొట్టంలో కిందికి దిగుతాయి. అక్కడ శుభ్రపడ్డాక పంపు వాటిని రెండో గొట్టంలో పైకి తోస్తుంది. "ఈ రెండో గొట్టం చివర పై తొట్టిలో లోతుగా మునిగి ఉంటుంది. పంపు ఎప్పుడైనా ఆగిందనుకోండి, అదే గొట్టం నీళ్ళని వెనక్కి లాగేస్తుంది. అది జరక్కుండా, నీటి మట్టం దగ్గరే గొట్టానికి చిన్న రంధ్రం పెడతాను. మట్టం కొంచెం దిగగానే రంధ్రంలోంచి గాలి దూరి లాగడం ఆగిపోతుంది. ఆ రంధ్రాన్ని మాత్రం ముట్టుకోకండి."

"ఛఛ, నేనెందుకు ముట్టుకుంటాను?"

"ఇంకొకటి. అంతా కలిపి రెండు టన్నులు దాటుతుంది. నేల ఆగుతుందని ఈ ఇల్లు కట్టిన ఇంజనీరు చేత రాయించుకు రండి. ఆ కాగితం లేకపోతే నేను రాను."

 ఊళ్ళో ఎంతమంది ఇంజనీర్లున్నా ఈ ఇల్లు కట్టింది ఒక్కడే.

రెండు రోజులు మథనపడి ఫోను చేశాడు. "అన్నయ్యగారూ, మా హాల్లో గోడవారగా రెండు టన్నులు పెడితే నేల ఆగుతుందంటారా?"

"రెండు టన్నులా! ఏం పెడుతున్నావయ్యా తమ్ముడూ?"

డాక్టరు చుట్టూ చూశాడు. సోఫా పక్కన భార్య అప్పుడే దుమ్ము దులిపి పెట్టిన అట్టపెట్టె కనిపించింది. "పుస్తకాలు" అన్నాడు.

"రెండు టన్నుల పుస్తకాలా?"

"మీ మరదలికి లైబ్రరీ కట్టిస్తున్నానండీ."

అటు నుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఇంజనీరు "మంచిది. ఆ గోడ కింద దూలం ఉంది. ఆగుతుంది" అన్నాడు. ఆ గొంతులో ఏదో ఉంది. అదేమిటో డాక్టరుకి మర్నాడు గడ్డం గీసుకుంటుంటే తట్టింది. కుళ్ళు! అచ్చమైన కుళ్ళు. పన్నెండేళ్ళుగా తన గొంతులో ఉన్నదే, ఇప్పుడు అవతలి గొంతులో. ఆనందంలో గడ్డం రెండుచోట్ల తెగింది.

ఇంజనీరు పంపిన కాగితంలో "పుస్తకాల బరువు నిమిత్తం" అని ఉంది. ఉప్పు మేడమ్ ఆ మాట రెండుసార్లు చదివి, డాక్టరు మొహం వైపు ఒకసారి చూసి, "బరువు బరువే లెండి" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

డాక్టరు అబద్ధం అక్కడితో ఆగలేదు. ఫోను వచ్చిన రోజే భోజనాల దగ్గర ఇంజనీరు ఉండబట్టలేక తన భార్యతో, అంటే డాక్టరు భార్యకి అక్కగారితో, అన్నాడు. అక్కగారు కంచం పక్కకి జరిపింది. "ఇరవై ఏళ్ళ కాపురంలో మీరు నాకు తెచ్చిందేమిటి? గురక పెట్టే చేపలు. మా మరిదిగారు చూడండి, పెళ్ళానికి ఏకంగా లైబ్రరీ కట్టిస్తున్నాడు." ఆ తర్వాత ఆవిడ ఆయనతో మాట్లాడటం తగ్గించి చెల్లెలితో మాట్లాడటం పెంచింది. చెల్లెలికి ఆ ఫోను అమృతంలా అనిపించింది. తన మొగుడు తనతో చెప్పకుండా బావగారితో చెప్పి మరీ కట్టిస్తున్నాడంటే, ఇది బీరువా కాదు, లైబ్రరీయే. ఆమె స్కూలు నుంచి వచ్చి రోజూ ఒక పెట్టె విప్పి, ఒక్కో పుస్తకం వీపు మీద అంకె రాసిన చీటీ అంటించడం మొదలుపెట్టింది.

మూడు వారాల తర్వాత, ఆమె స్కూలుకెళ్ళిన పూట, ఎనిమిదిమంది మనుషులు గాజు తొట్టిని బాల్కనీ మీదుగా హాల్లోకి దించారు. హాలు మూలన నేలకి రంధ్రం పొడిచి గొట్టాలు కంప్రెసరు గదిలోకి వదిలారు. తొట్టి మీద డాక్టరు పెద్ద దుప్పటి కప్పి, చుట్టూ తాడు కట్టాడు. సాయంత్రం భార్య వచ్చి దుప్పటి అంచు కింద మెరుస్తున్న గాజుని చూసింది.

"గాజు తలుపులా!" అంది. వేలితో గాజు అంచు తడిమింది. "దుమ్ము పడకుండానా?"

"ఆదివారం దాకా చూడకూడదు" అన్నాడు డాక్టరు. తాడుకి ఇంకో ముడి వేశాడు.

శనివారం, భార్య స్కూల్లో ఉండగా, ఉప్పు మేడమ్ తొట్టిలో ఉప్పునీళ్ళు నింపి, కింద పంపు ఆడించి చూపించింది. డాక్టరు కోరిక మీద పంపుకి ఒక రిమోటు కూడా పెట్టింది. సోఫాలో కూర్చుని నొక్కితే కింద గదిలో పంపు ఆగాలి, మళ్ళీ నొక్కితే ఆడాలి. అది తోడల్లుడి ముందు నొక్కడానికే తప్ప ఇంకెందుకూ కాదు. ఆవిడ వెళ్ళాక డాక్టరు దుప్పటిలో తల దూర్చి విన్నాడు. పంపు వినపడటం లేదు. చల్లబరిచే యంత్రం వినపడటం లేదు. అయితే గొట్టం మెడ దగ్గర ఆ చిన్న రంధ్రంలోంచి నీళ్ళు చిమ్ముతూ సన్నగా "సుయ్ సుయ్" మంటోంది.

తోడల్లుడి చెవి పాముచెవి. ఇన్ని తిప్పలు పడి, చివరికి ఆయన సోఫాలో కూర్చుని "ఏమిటయ్యా ఆ సుయ్ సుయ్?" అంటే? డాక్టరు పంపు ఆపి, గొట్టాన్ని పైకి లాగి రంధ్రాన్ని చూశాడు. గుండ్రంగా, నల్లగా, సరిగ్గా పుచ్చిపన్నులో గుంటలా ఉంది. ఇరవై రెండేళ్ళుగా అలాంటివి పూడ్చిన చేతులు. ముట్టుకోవద్దన్న మాట గుర్తుంది కానీ చేతులు ఆగలేదు. కిందికెళ్ళి పళ్ళ సిమెంటూ, ఫిల్లింగులకి వాడే చిన్న నీలం దీపమూ తెచ్చాడు. రంధ్రం చుట్టూ ఆరబెట్టాడు, నింపాడు, నీలం దీపం పట్టి గట్టిపరిచాడు, అంచులు నున్నగా అరగదీశాడు. తన సర్వీసు మొత్తం మీద అంత నీటుగా వచ్చిన ఫిల్లింగు లేదు. గొట్టాన్ని నీళ్ళలోకి వదిలి, పంపు మళ్ళీ ఆడించి విన్నాడు. హాలు నిశ్శబ్దంగా ఉంది.

ఆదివారం టిఫిను దగ్గర భార్యకి నిజం చెప్పేద్దామని కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, "పది గంటలకి అమ్మా అక్కా వస్తున్నారు. లైబ్రరీ తెరవడానికి నేనే రమ్మన్నా. మీరేమీ అనుకోరుగా?" అంది. డాక్టరు నోట్లో ముద్ద గబగబా మింగాడు.

"వాళ్ళు వచ్చేలోపు నీతో ఒక విషయం..." అని మొదలుపెట్టేసరికి కింద గంట మోగింది. దవడ పట్టుకుని ఇంజనీరు నిలబడి ఉన్నాడు.

"తమ్ముడూ, పన్ను నొప్పి. రాత్రి నుంచి ప్రాణం తీస్తోంది. పైకి వచ్చి కాసేపు పడుకోనా?"

ఆయన కళ్ళు డాక్టరు భుజం మీదుగా మెట్ల వైపు చూస్తున్నాయి. వచ్చింది పన్ను కోసం కాదని డాక్టరుకి వెంటనే తెలిసిపోయింది. తనైనా అదే పని చేసేవాడు. "పైకెందుకు అన్నయ్యగారూ, కుర్చీ ఇక్కడే ఉందిగా" అని చెయ్యి పట్టుకుని క్లినిక్కులోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టాడు.

"అంత నొప్పేం లేదులేవయ్యా" అన్నాడు ఇంజనీరు, దీపం మొహం మీదికి రాగానే.

"ప్రాణం తీస్తోందన్నారుగా. నోరు తెరవండి."

తెరిపించి చూస్తే, కింది దవడలో నిజంగానే ఒక పన్ను పుచ్చి ఉంది. అబద్ధం ఆడి వచ్చిన మనిషికి నిజం దొరకడంతో ఇంజనీరు మొహం పాలిపోయింది. డాక్టరు మత్తు సూది వేశాడు. ఐదు నిమిషాల్లో ఇంజనీరు నోరు సగం మొద్దుబారి పెదవి వేలాడింది. తోడల్లుడు జవాబు చెప్పలేని స్థితిలో తన ముందు పడుకుని ఉండటం డాక్టరుకి ఇదే మొదటిసారి. ఆ అవకాశాన్ని ఆయన వృథా చెయ్యలేదు.

"లైబ్రరీ అంటే మాటలా అన్నయ్యగారూ? కొందరు ఇంట్లో ఏవేవో పెడతారు. చప్పుడు తప్ప ఏముంటుంది చెప్పండి. నిశ్శబ్దంగా ఉండాలి ఇల్లంటే."

ఇంజనీరు గుడ్లు మిటకరించాడు. డ్రిల్లు గుర్రుమంది.

సరిగ్గా అప్పుడే అత్తగారూ అక్కగారూ బయటి మెట్ల మీదుగా నేరుగా పైకి వెళ్ళారు. భార్య అక్కకి పుస్తకాల చీటీలు చూపిస్తోంది. అత్తగారు సోఫాలో కూర్చుని టీవీ పెట్టమంది. టీవీ మోత ఎక్కువగా ఉంది. ఆవిడ పక్కనే ఉన్న రిమోటు తీసుకుని ఒక మీట నొక్కింది. మోత తగ్గలేదు. మీట పాడైందనుకుని రిమోటుని కుషను కింద పడేసి, చెవి మీద చీర కొంగు కప్పుకుంది.

కింద కంప్రెసరు గదిలో పంపు ఆగింది. గాలి దూరాల్సిన రంధ్రం నున్నగా మూసుకుని ఉంది. ఎనిమిదడుగుల తొట్టిలో నీళ్ళు గొట్టంలోంచి నిశ్శబ్దంగా, డాక్టరు కోరుకున్నంత నిశ్శబ్దంగా, కిందికి రావడం మొదలైంది. చిన్న తొట్టి నిండింది. పొంగింది.

కుర్చీలో పడుకున్న ఇంజనీరుకి ఎదురుగా కంప్రెసరు గది తలుపుంది. దాని కింది నుంచి తళతళలాడుతూ ఒక పలుచటి పొర గదిలోకి వస్తోంది.

"ఈయు!" అన్నాడు ఇంజనీరు.

"మాట్లాడకండి. నాలుక తెగుతుంది."

"ఈయు! ఈయు!"

"నొప్పి ఉండదు అన్నయ్యగారూ. ఇంత భయమైతే ఎలా?"

ఇంజనీరు డాక్టరు చెయ్యి తోసేసి, కిందికి వంగి నేల మీద వేలు ముంచి, మొద్దుబారని వైపు నాలుక మీద పెట్టుకున్నాడు. నెలల తరబడి ఉప్పునీళ్ళతో కాపురం చేస్తున్న మనిషి. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. నెమ్మదిగా తలెత్తి పైకప్పు వంక చూశాడు. తర్వాత డాక్టరు వంక చూశాడు. అంతా అర్థమైన చూపది.

డాక్టరు అప్పుడు కిందికి చూశాడు. ఆయన ఎడమకాలి చెప్పు గుమ్మం దాటి వెయిటింగ్ హాల్లోకి తేలుకుంటూ వెళ్తోంది.

"ఎయిన్! ఎయిన్!" అని ఇంజనీరు వీధి గోడ వైపు చూపించాడు. మూడోసారికి డాక్టరుకి అది మెయిన్ స్విచ్చి అని అర్థమై, బయటికి పరిగెత్తి కట్టేశాడు. ఇంట్లో కరెంటు పోయింది కానీ నీళ్ళు ఆగలేదు. మెడకి పచ్చ గుడ్డ, నోట్లో దూది, పుచ్చిపన్ను సగం తొలిచి ఉండగా ఇంజనీరు మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి పరిగెత్తాడు. వెనకే ఒంటి చెప్పుతో డాక్టరు.

"రండి అల్లుడుగారూ, మోత తగ్గించమంటే టీవీయే పోయింది" అంది అత్తగారు.

ఇంజనీరు తాడు తెంపి దుప్పటి లాగేశాడు.  గాజుగోడల మధ్య నీళ్ళు సగానికి దిగి ఉన్నాయి. ఆయన కొత్త చొక్కాతోనే భుజం దాకా చెయ్యి ముంచి, గొట్టం చివరని బలంగా నీటి పైకి లాగాడు. గొట్టం "గుటుక్కు"మని గాలి మింగింది. నీళ్ళు నిలిచాయి. ఆయన గొట్టం మెడ మీద తెల్లటి మచ్చని గోటితో గీకి, డాక్టరు మొహం ముందు పెట్టాడు.

"ఎఅరు ఊడ్చారు ఇది?"

"నేనే" అన్నాడు డాక్టరు.

"ఎందుకు?"

"రంధ్రం కనపడిందండీ."

 తొట్టి పక్కనే గోడ పొడుగునా పుస్తకాలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి దాని వీపు మీద చీటీ. భార్య చేతిలో చివరి చీటీ ఉంది, జిగురు ఇంకా ఆరలేదు.

"ఇందులో పుస్తకాలు ఎక్కడ పెట్టాలండీ?" అని అడిగింది. కోపంగా అడిగుంటే డాక్టరు ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. ఆమె నిజంగానే, తెలియక అడిగింది. ఆ గాజుపెట్టెలో ఎక్కడో అరలుంటాయని ఇంకా చూస్తోంది.

డాక్టరు సోఫా చేతి మీద కూలబడ్డాడు. "ఇది నీకోసం కాదు. నాకోసం కూడా కాదు. అన్నయ్యగారి కోసం. ఆయన చూసి కుళ్ళుకోవాలని. నువ్వు పుస్తకాలనుకున్నప్పుడు కాదని చెప్పాల్సింది. చెప్పలేదు."

"మా స్కూల్లో అందరికీ చెప్పాను" అంది ఆమె. "మావారు నేను అడక్కుండానే కొలతలు తీశారని చెప్పాను." చీటీని వేలికి అంటించుకుని, మళ్ళీ ఊడదీసుకుని, కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"చూశావా?" అని ఇంజనీరు అక్కగారి వైపు తిరిగాడు, సగం నోటితో, ఉప్పునీళ్ళు కారుతున్న చొక్కాతో. "లైబ్రరీ లేదు, ఏమీ లేదు. వీడి మాటలు నమ్మి నువ్వు నాతో నెల్లాళ్ళుగా మాట్లాడటం లేదు. నేనేమో వీడిది ఎనిమిదైతే మనది తొమ్మిది ఉండాలని..." అంటూ నాలుక కరుచుకున్నాడు. మొద్దుబారి ఉండటం వల్ల నిజంగానే కరుచుకున్నాడు.

"తొమ్మిది ఏమిటి?" అంది అక్కగారు.

విషయం ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. ఇంజనీరు రహస్యంగా వడ్రంగికి తొమ్మిదడుగుల టేకు పుస్తకాల బీరువా పురమాయించాడు. అది రేపు వస్తోంది. పెట్టడానికి హాల్లో ఉన్నది ఒకటే గోడ. అందుకని ఇవాళ పొద్దున్నే, అక్కగారు గుడికని చెప్పి బయల్దేరగానే, ఆయన అక్వేరియం విప్పించేశాడు. చేపలూ పగడాలూ ఇప్పుడు స్నానాల గదిలో మూడు టబ్బుల్లో ఉన్నాయి. తొట్టిని కొనుక్కున్నవాళ్ళు పట్టుకెళ్ళిపోయారు.

"పళ్ళ నొప్పని వచ్చింది అందుకే" అన్నాడు ఇంజనీరు. "అసలు ఎలా కట్టించాడో చూసి, మనది అంతకంటే బాగుండేట్టు చేయిద్దామని."

అంటే ఒక ఇంట్లో తొట్టి లేని చేపలున్నాయి, రెండో ఇంట్లో చేపలు లేని తొట్టి ఉంది. ఇద్దరు తోడల్లుళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఒకడి మొహంలో ఇంకొకడికి తన మొహం కనపడింది. అది ఇద్దరికీ నచ్చలేదు.

కిటికీ దగ్గర నుంచి భార్య ఇటు తిరిగింది. "ఆ తొమ్మిదడుగుల బీరువా ఇక్కడికి రావాలి" అంది.

"అదేమిటే, అది నాది!" అంది అక్కగారు.

"నువ్వు ఆఖరుసారి చదివిన పుస్తకం ఏది అక్కా?"

అక్కగారు చాలాసేపు ఆలోచించింది. "మిక్సీతో పాటు వచ్చింది" అంది చివరికి.

"బీరువా ఇక్కడికి వస్తుంది" అంది చెల్లెలు మళ్ళీ, ఈసారి డాక్టరు వైపు చూస్తూ. "పేర్చడం మీ పని. అంకెల వరస తప్పితే మొదట్నించీ మళ్ళీ. ఈ నీళ్ళపెట్టె ఇవాళే ఈ హాల్లోంచి పోవాలి. ఎక్కడికి పోతుందో నాకనవసరం."

డాక్టరు తలూపాడు. శిక్ష ఇంత తేలిగ్గా పోయినందుకు సంతోషించాలో, ఆమె ఇంకా తన కళ్ళలోకి చూడనందుకు దిగులుపడాలో ఆయనకి తెలియలేదు. ఆమె మామూలుగా మాట్లాడటానికి పదిహేను రోజులు పట్టింది. అంకెల వరస మూడుసార్లు తప్పింది.

ఉప్పు మేడమ్ వచ్చి అంతా విని, సిమెంటు రంధ్రాన్ని వేలితో తడిమి, "పని మాత్రం చాలా బాగుంది" అంది. తర్వాత డాక్టరు డ్రిల్లే తీసుకుని దాన్ని మళ్ళీ తొలిచింది. తొట్టిని కింద క్లినిక్కు వెయిటింగ్ హాల్లోకి దించారు. నేల మీదే కాబట్టి దూలాల గొడవ లేదు, యంత్రాలు పక్కగదిలోనే ఉన్నాయి. తోడల్లుడి రాళ్ళూ, రాళ్ళతో పాటు ఆయన పాత నీళ్ళూ అందులోకి వచ్చాయి. ఆవిడ రోజూ నీళ్ళు పరీక్షించి, ఒక్కో టబ్బు చేపల్నీ ఎప్పుడు వదలాలో చెప్పేది. ఇంజనీరు మిగతా పన్ను పూడ్పించుకోవడానికి వచ్చి, ఆ తర్వాత నొప్పి లేకపోయినా రోజూ వచ్చి మేత వేసి వెళ్ళేవాడు. ఊరెళ్ళాల్సి వస్తే డాక్టరు వేసేవాడు. ఈ చేపలొచ్చాక ఇంజనీరు అక్కగారిని తీసుకుని ఊరు దాటింది అదే మొదలు.

రెండు నెలలు తిరిగేసరికి పగడాలు విచ్చుకున్నాయి. ఉప్పు మేడమ్ తన దగ్గర్నుంచి ఒక పసుపుపచ్చ చేపని తెచ్చి వదిలింది. అరచేయంత ఉంటుంది, ముక్కు పొడుగు. గాజు దగ్గరికి ఎవరొస్తే వాళ్ళ మొహంలోకి చూస్తుంది. డాక్టరుకి అది బాగా నచ్చింది. పొద్దున్నే క్లినిక్కు తెరవగానే దానితో నాలుగు మాటలు మాట్లాడి గానీ కోటు వేసుకునేవాడు కాదు.

పేషెంట్లు పెరిగారు. కాకపోతే వాళ్ళు "ఆ పళ్ళ డాక్టరు" అనడం మానేసి "ఆ పసుపు చేపున్న చోటు" అనడం మొదలుపెట్టారు. పేరు పిలిస్తే "మా తర్వాత వాళ్ళని పంపండి, మాకు తొందర లేదు" అంటున్నారు. ఇరవై రెండేళ్ళలో తన మొహం చూసి నవ్వినవాళ్ళు లేరు. ఇప్పుడు వెయిటింగ్ హాలంతా నవ్వులే, తను తలుపు తెరిచే దాకా.

క్రితం గురువారం ఒకాయన దవడ పట్టుకుని వచ్చి, రెండు గంటలు ఆ చేప ముందు కూర్చుని, డాక్టరు పిలిచేసరికి లేచి నిలబడ్డాడు. "నొప్పి తగ్గిపోయిందండీ. మీ చేప చెయ్యి మంచిది" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి డాక్టరు ఆ చేపతో మాట్లాడటం లేదు.